విన్నిపెగ్‌లో మూలవాసి కుటుంబాల సేవాసంస్థల్లో ఉద్యోగాలు: ఎం.ఎస్.డబ్ల్యు. చదివిన తెలుగువారికి చోటు ఉందా?

విభాగం: కెనడాలో చదువు, ఉద్యోగం

విశాఖ_నుంచి (విన్నిపెగ్)

సభ్యులందరికీ నమస్కారం. నేను ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో ఎం.ఎస్.డబ్ల్యు. (మాస్టర్ ఆఫ్ సోషల్ వర్క్) పూర్తిచేసి, పాడేరు ప్రాంతంలో ఒక స్వచ్ఛంద సంస్థలో తల్లీబిడ్డల ఆరోగ్యంపై పనిచేశాను. నా భర్త ఉద్యోగరీత్యా విన్నిపెగ్ వచ్చాక ఒక వృద్ధాశ్రమంలో సహాయకురాలిగా చేరాను. ఆ పని మీద నాకు గౌరవమే, కానీ చదివిన చదువుకు దగ్గరగా ఉండే పనిలోకి వెళ్ళాలని ఉంది.

నగరంలో మూలవాసి (ఇండిజినస్) కుటుంబాల కోసం పనిచేసే సంస్థల ప్రకటనలు తరచుగా కనిపిస్తున్నాయి. ఫ్యామిలీ సపోర్ట్ వర్కర్, ఔట్‌రీచ్ వర్కర్, యూత్ వర్కర్ అన్న పేర్లతో ఉంటాయి. దాదాపు ప్రతి ప్రకటనలోనూ మూలవాసి అభ్యర్థులకు ప్రాధాన్యం ఇస్తామని రాసి ఉంటుంది. అలాంటప్పుడు నాలాంటివారు దరఖాస్తు చేయడం సబబేనా? అసలు ఈ ఉద్యోగాల్లో రోజువారీ పని ఏమిటి? మన దేశపు డిగ్రీకి ఇక్కడ ఎంత విలువ ఇస్తారు? ఈ రంగంలో ఉన్నవారు చెబితే మేలు చేసినవారవుతారు.

ఎర్రనదిగట్టు (విన్నిపెగ్)

విశాఖ గారూ, మీరు అడిగిన క్రమాన్ని కొంచెం మార్చి జవాబు చెబుతాను. ఆ కుటుంబాలు ఎవరో తెలియకుండా ఆ ఉద్యోగం ఏమిటో అర్థం కాదు.

2021 జనగణన ప్రకారం కెనడాలో మూలవాసుల సంఖ్య 18 లక్షలకు కొంచెం ఎక్కువ, అంటే దేశ జనాభాలో 5 శాతం. ఫస్ట్ నేషన్స్, మెటీ (యూరోపియన్, మూలవాసి మిశ్రమ వారసత్వం ఉన్నవారు), ఇన్యూట్ (ఆర్కిటిక్ ప్రాంతంవారు) అన్న మూడు వర్గాలూ అందులో ఉన్నాయి. వారిలో 8 లక్షల మందికి పైగా పెద్ద నగరాల్లో నివసిస్తున్నారు, ఆ నగరాలన్నిటిలోనూ మొదటి స్థానం మన విన్నిపెగ్‌దే: 1,02,080 మంది. కొందరు మూడు నాలుగు తరాలుగా ఇక్కడి నార్త్ ఎండ్‌లోనే పుట్టి పెరిగినవారు. కొందరు చదువు కోసం, ఆసుపత్రి కోసం, రిజర్వులో (ఫస్ట్ నేషన్స్‌కు కేటాయించిన భూమిలో) ఇళ్ళు చాలక వచ్చినవారు. తమ ఇష్టంతో ప్రమేయం లేకుండా వచ్చినవారు మరికొందరు. 2011 వరదలప్పుడు లేక్ సెయింట్ మార్టిన్ ఫస్ట్ నేషన్ ప్రజలను ఖాళీ చేయించి విన్నిపెగ్ హోటళ్ళలోనూ అద్దె ఇళ్ళలోనూ ఉంచారు. వారి తిరుగుప్రయాణం మొదలయ్యేసరికి 2017 వచ్చింది. ఊరు విడిచినప్పుడు చంకలో ఉన్న బిడ్డ అప్పటికి నగరపు బడిలో చదువుతోంది.

రెండవది చరిత్ర. చర్చిలూ ప్రభుత్వమూ కలిసి నడిపిన రెసిడెన్షియల్ స్కూళ్ళలో సుమారు 1,50,000 మంది పిల్లలను ఇళ్ళ నుంచి వేరుచేసి ఉంచారు. చివరి బడులు మూతపడింది 1990లలోనే. ఆ బడులు తగ్గుముఖం పట్టిన కాలంలో శిశు సంక్షేమ శాఖల ఉద్యోగులు మూలవాసి పిల్లలను పెద్దసంఖ్యలో తీసుకుపోయి మూలవాసులు కాని కుటుంబాలకు దత్తత ఇచ్చారు. దాన్నే సిక్స్‌టీస్ స్కూప్ అంటారు. విన్నిపెగ్ ఉన్న మానిటోబా ప్రావిన్సులో ఈ దత్తతలపై విచారణ జరిపిన న్యాయమూర్తి ఎడ్విన్ కిమెల్మన్ 1985 నివేదికలో దీన్ని సాంస్కృతిక జనహననంగా పేర్కొన్నారు. ఆ పిల్లలను తీసుకుపోయింది సైనికులు కారు, మనలాగా సోషల్ వర్క్ చదివినవారే. ఈ ఒక్క విషయం మనసులో నిలుపుకోకుండా ఎవరూ ఈ రంగంలోకి రాకూడదని నా అభిప్రాయం. ఫైలు పట్టుకుని మీరు తలుపు తట్టినప్పుడు లోపల ఉన్న అమ్మమ్మకు గుర్తొచ్చేది మీ ముఖం కాదు, ఆ ఫైలు.

ఇక పని గురించి. ఇక్కడ సంస్థలు రెండు రకాలు. ఫిర్యాదులు విచారించి, అవసరమైతే బిడ్డను సంరక్షణలోకి తీసుకునే చట్టపరమైన అధికారం ఉన్నవి మొదటి రకం, వాటిని మాండేటెడ్ ఏజెన్సీలు అంటారు. ఆ అధికారం లేకుండా కుటుంబానికి తోడుగా నిలిచేవి రెండవ రకం. 1984లో మొదలైన మా మావి వి చి ఇటాటా సెంటర్, 1959 నాటి ఇండియన్ అండ్ మెటీ ఫ్రెండ్‌షిప్ సెంటర్ ఈ రెండవ కోవలోవి. మీరు చూసిన ప్రకటనల్లో ఎక్కువ భాగం ఇలాంటి సంస్థలవే అయి ఉంటాయి. బడిలో చేర్పించడం, ఇంటి యజమానితో మాట్లాడటం, జనన ధ్రువపత్రాలు తెప్పించడం, తల్లిదండ్రుల శిక్షణ బృందాలు నడపడం, కోర్టు రోజున పక్కన కూర్చోవడం, వారానికొకసారి అందరికీ కలిపి వండి వడ్డించడం, ఇవన్నీ ఫ్యామిలీ సపోర్ట్ వర్కర్ పనులే.

కాకతీయ (బ్రాంప్టన్)

నేను ఈ రంగం వాడిని కాను, కానీ మా చెల్లెలు అంటారియోలో సోషల్ సర్వీస్ వర్కర్ డిప్లొమా చదివి ఇలాంటి సంస్థలో చేరింది కనుక జీతభత్యాల సంగతి చెప్పగలను. చాలా ఉద్యోగాలు కార్యక్రమానికి వచ్చే నిధుల మీద ఆధారపడి ఉంటాయి. ఆర్థిక సంవత్సరం మార్చి 31తో ముగుస్తుంది కనుక ఫిబ్రవరి వచ్చిందంటే కాంట్రాక్టు పొడిగిస్తారో లేదో అన్న ఆందోళన మొదలవుతుంది. చట్టపరమైన అధికారం ఉన్న ఏజెన్సీల్లో జీతం, పెన్షను మెరుగ్గా ఉంటాయి, పని ఒత్తిడి కూడా అంతకంత ఉంటుంది. ఇంటి రుణం తీసుకునే ఆలోచన ఉన్నవారు ఈ తేడాను ముందే లెక్కలోకి తీసుకోవాలి.

ఇమిగ్రేషన్ కోణంలో మాత్రం ఒక మంచి మాట ఉంది. సోషల్ అండ్ కమ్యూనిటీ సర్వీస్ వర్కర్లకు వృత్తుల వర్గీకరణలో 42201 అన్న సంఖ్య ఉంది. 2025లో ఎక్స్‌ప్రెస్ ఎంట్రీలో (నైపుణ్యం ఉన్నవారికి శాశ్వత నివాసం ఇచ్చే పద్ధతి) ఆరోగ్య రంగ కేటగిరీకి సామాజిక సేవల వృత్తులను కూడా చేర్చారు. ఈ నియమాలు తరచూ మారతాయి కనుక దరఖాస్తు పెట్టేనాటి జాబితా చూసుకోవడం అవసరం.

మన్యంబిడ్డ (రెజైనా)

విశాఖ గారు పాడేరు పేరు ఎత్తారు కనుక రాయాలనిపించింది. మాది అటువైపు కొండ గ్రామమే, నేను ఆదివాసీ కుటుంబం నుంచి వచ్చాను. ఇక్కడ సోషల్ వర్క్ చదువుతున్నాను.

మూలవాసులకు ప్రాధాన్యం అన్న వాక్యాన్ని మీరు అడ్డంకిగా చూడవద్దని నా మనవి. మా ఊరి ఆశ్రమ పాఠశాలలో నా చిన్నతనంలో మా భాష వచ్చిన ఉపాధ్యాయులు లేరు. పిల్లవాడు జ్వరంతో వణుకుతూ తన భాషలో చెప్పిన మాట ఆ పక్కనున్న పెద్దవారికి అర్థం కాకపోతే ఏమవుతుందో నాకు తెలుసు. ఆ గదిలో మా మనిషి ఒకరు ఉండి ఉంటే అన్న కోరిక ఎంత న్యాయమైనదో, ఇక్కడి ప్రకటనలోని ఆ వాక్యమూ అంతే న్యాయమైనది. తమ పిల్లల సంగతి తామే చూసుకుంటామని దశాబ్దాలపాటు పోరాడి సాధించుకున్న హక్కు అది.

అందుకని మూలవాసులు కానివారికి చోటు లేదని కాదు. దరఖాస్తు చేయండి. ఇంటర్వ్యూలో అర్హతగల మూలవాసి అభ్యర్థి ఉంటే ఉద్యోగం వారికి వెళుతుంది, వెళ్ళాలి కూడా. మీకు వస్తే, ఆ సంస్థలో మీపై అధికారి, పెద్దలు, సహోద్యోగులు చాలావరకు మూలవాసులే ఉంటారు, వారి దగ్గర పని నేర్చుకుంటారు. పాడేరు అనుభవాన్ని ఇంటర్వ్యూలో చెప్పండి, కానీ అక్కడా ఇక్కడా ఆదివాసుల సమస్య ఒకటేనని మాత్రం అనవద్దు. ఐదవ షెడ్యూలు, ఆదివాసీ భూములు ఇతరుల చేతికి పోకుండా చూసే 1/70 చట్టం మన చరిత్ర. ఇక్కడివారిది ప్రభుత్వంతో చేసుకున్న ఒప్పందాల చరిత్ర. విన్నిపెగ్ ఉన్నది 1871లో కుదిరిన ఒకటవ నంబరు ఒప్పందపు నేల మీద. వచ్చీరాగానే పోలికలు చెప్పే మనిషి కన్నా, ఆ ఒప్పందం గురించి చదువుకుని వచ్చిన మనిషిని వారు త్వరగా నమ్ముతారు.

అల్బర్టా విశ్వవిద్యాలయం వారి ‘ఇండిజినస్ కెనడా’ అనే కోర్సు కోర్సెరాలో ఉచితంగా దొరుకుతుంది. పన్నెండు పాఠాలు. ఇంటర్వ్యూకు ముందే పూర్తిచేయండి.

విశాఖ_నుంచి

అందరికీ కృతజ్ఞతలు. మన్యంబిడ్డ గారూ, మీ మాట నాలో ఉన్న సంకోచాన్ని చాలావరకు తీర్చింది. ఎర్రనదిగట్టు గారూ, బిడ్డను తీసుకుపోయే అధికారం లేని సంస్థలో పనిచేసినా, ఏదైనా ప్రమాదం కనిపిస్తే ఫిర్యాదు చేయాల్సిన బాధ్యత మనపై ఉంటుంది కదా? అప్పుడు ఆ కుటుంబం మనల్ని ఎలా నమ్ముతుంది?

చట్టంమాట (ఎడ్మంటన్)

నేను న్యాయ సహాయ కార్యాలయంలో కుటుంబ కేసుల సహాయకుడిగా పనిచేస్తున్నాను, కనుక చట్టం వైపు నుంచి చెబుతాను.

బిడ్డకు రక్షణ అవసరమని సహేతుకంగా నమ్మినప్పుడు తెలియజేయాల్సిన బాధ్యత అన్ని ప్రావిన్సుల్లోనూ ఉంది, అది మీలాంటి ఉద్యోగులకూ వర్తిస్తుంది. అయితే ఏది ప్రమాదం, ఏది పేదరికం అన్న తేడా దగ్గరే అసలు చిక్కు ఉంది. మూలవాసి పిల్లల సంక్షేమంపై వచ్చిన, సీ-92 బిల్లుగా అందరికీ తెలిసిన సమాఖ్య చట్టం 2020 జనవరి 1 నుంచి అమలులో ఉంది. దాని 15వ సెక్షన్ ప్రకారం పేదరికం, సరైన ఇల్లు లేకపోవడం, తల్లిదండ్రుల ఆరోగ్యస్థితి వంటి సామాజిక, ఆర్థిక పరిస్థితులను మాత్రమే కారణంగా చూపి మూలవాసి బిడ్డను తీసుకుపోకూడదు. 14వ సెక్షన్ ప్రకారం బిడ్డను వేరుచేయడం కన్నా ముందు ఆ అవసరం రాకుండా చేసే సేవలకు ప్రాధాన్యం ఇవ్వాలి. ఒకవేళ బిడ్డను వేరేచోట ఉంచక తప్పకపోతే 16వ సెక్షన్ క్రమం చెబుతుంది: తల్లిదండ్రులలో ఒకరు, తరువాత కుటుంబంలోని మరొక పెద్ద, తరువాత అదే సముదాయంలోని వ్యక్తి, తరువాత వేరే మూలవాసి సముదాయంలోని వ్యక్తి, వీరెవరూ కుదరకపోతేనే ఇతరులు. ఈ చట్టం రాజ్యాంగబద్ధమేనని సుప్రీంకోర్టు 2024 ఫిబ్రవరిలో తీర్పు చెప్పింది.

ఈ చట్టం కింద తమ సొంత శిశు సంక్షేమ చట్టాలు చేసుకున్న ఫస్ట్ నేషన్స్ ఉన్నాయి. సస్కాచెవాన్‌లోని కౌఎసిస్ 2021లో కెనడా, ప్రావిన్సు ప్రభుత్వాలతో సమన్వయ ఒప్పందం చేసుకుంది. మానిటోబాలో పెగ్విస్ 2023లో చేసుకుంది. కనుక నగరంలో మీ దగ్గరకు ఒక కుటుంబం వచ్చినప్పుడు, వారు ఏ ఫస్ట్ నేషన్‌కు చెందినవారు, ఆ బిడ్డకు ఏ చట్టం వర్తిస్తుంది, నోటీసు ఎవరికి వెళ్ళాలి అన్న మూడు ప్రశ్నలు మొదటి రోజే అడగగలిగిన ఉద్యోగి ఆ కుటుంబానికి ఎంతో మేలు చేస్తారు. మా కార్యాలయానికి వచ్చే ఫైళ్ళలో ఈ వివరాలు ఖాళీగా ఉండటం నాకు ఇప్పటికీ బాధ కలిగించే విషయం.

ఎర్రనదిగట్టు

చట్టంమాట గారు చెప్పినదానికి నా వైపు నుంచి కొనసాగింపు.

నమ్మకం గురించి విశాఖ గారు అడిగారు. మొదటి సమావేశంలోనే, కాఫీ చల్లారకముందే, మన బాధ్యత ఏమిటో చెప్పేయాలి. ‘మీరు నాతో చెప్పేవాటిలో బిడ్డకు హాని సంగతి ఉంటే నేను తెలియజేయవలసి ఉంటుంది, అలా చేసే పక్షంలో ముందు మీతో చెప్పి, వీలైతే మీ పక్కన కూర్చుని ఫోను చేస్తాను’ అని నేను చెబుతాను. దాచిపెట్టి చేసే పనికి, ముందే చెప్పి చేసే పనికి ఉన్న తేడా ఆ కుటుంబాలకు మన కన్నా బాగా తెలుసు. కోపం వస్తుంది. అయినా తిరిగి వస్తారు.

దీనికన్నా పెద్ద విషయం మన రాత. ఈ ఉద్యోగంలో మనం రాసే ప్రతి వాక్యమూ ఏదో ఒకరోజు కోర్టు ముందుకు వెళ్ళవచ్చు. పద్దెనిమిదేళ్ళు నిండిన ఆ బిడ్డే తన ఫైలు తెప్పించుకుని చదవవచ్చు. ఒక ఇంటికి వెళ్ళి వచ్చిన కొత్త ఉద్యోగి ఇలా రాస్తారు: ‘ఇల్లు చిందరవందరగా ఉంది. తల్లి సహకరించలేదు.’ అదే ఇంటి గురించి, అదే రోజు గురించి ఇలా కూడా రాయవచ్చు: ‘మధ్యాహ్నం రెండున్నరకు వెళ్ళాను. సింకులో ఉదయపు గిన్నెలు ఉన్నాయి. ఫ్రిజ్‌లో పాలు, గుడ్లు, వండిన మాకరోనీ ఉన్నాయి. నాలుగేళ్ళ పాప మంచు బూట్లు హీటరు దగ్గర ఆరబెట్టి ఉన్నాయి. పాప అడగకుండానే తల్లి ఒడిలోకి వెళ్ళి కూర్చుంది. రెండు ప్రశ్నలకు తన న్యాయవాదితో మాట్లాడిన తరువాత జవాబు ఇస్తానని తల్లి చెప్పారు.’ మొదటి రాత వల్ల ఒక తల్లి మరో ఆరు నెలలు కోర్టు చుట్టూ తిరగవచ్చు. రెండవది చూసినది చూసినట్టు చెప్పింది, అంతే. నా దగ్గరకు శిక్షణకు వచ్చేవారికి నేను మొదట నేర్పేది ఇదే.

మానిటోబాలో సంరక్షణలో ఉన్న ప్రతి పదిమంది పిల్లల్లో దాదాపు తొమ్మిదిమంది మూలవాసి పిల్లలు. దేశం మొత్తం మీద చూస్తే, 2021 జనగణన ప్రకారం పద్నాలుగేళ్ళలోపు పిల్లల్లో మూలవాసులు 7.7 శాతం కాగా, ఫోస్టర్ ఇళ్ళలో (తాత్కాలిక సంరక్షక కుటుంబాల్లో) ఉన్నవారిలో 53.8 శాతం. ఇంత తేడా ఒక్కరోజులో రాలేదు. రోజుకో వాక్యం చొప్పున ఫైళ్ళలో పేరుకుంది.

నిర్వాహకులు

ఈ చర్చ ఎంతో ఉపయోగకరంగా సాగుతోంది. ఈ రంగంలో పనిచేస్తున్న సభ్యులు తమ దగ్గరకు వచ్చే కుటుంబాలను గుర్తుపట్టగల వివరాలేవీ ఇక్కడ రాయవద్దని కోరుతున్నాము. పేరు మార్చినా, ఊరు, వయసు, పిల్లల సంఖ్య కలిపి చెబితే గుర్తుపట్టేవారు ఉంటారు.

పల్నాటి_కోడలు (విన్నిపెగ్)

నేను ఇక్కడ ఒక ఆసుపత్రి ప్రసూతి విభాగంలో నర్సును. మానిటోబా ఉత్తరాన ఉన్న చాలా రిజర్వుల్లో ప్రసవ సౌకర్యం లేదు. నెలలు నిండకముందే గర్భిణిని విమానంలో నగరానికి పంపిస్తారు. కొన్ని వారాలపాటు ఆమె బోర్డింగ్ హోములో, తెలిసినవారెవరూ లేకుండా, ఇంటి దగ్గర వదిలి వచ్చిన పెద్దపిల్లల గురించి ఆలోచిస్తూ గడుపుతుంది. పుట్టింట్లో పురుడు పోసుకోవడం మనకు ఎంత సహజమో ఆలోచిస్తే, ఆ ఒంటరితనం ఎంతటిదో అర్థమవుతుంది.

ఇదివరకు బర్త్ అలర్ట్ అనే పద్ధతి ఉండేది. గర్భిణి గురించి శిశు సంక్షేమ ఏజెన్సీ ముందుగానే ఆసుపత్రికి హెచ్చరిక పంపేది, కాన్పు అయ్యాక బిడ్డతో ఇంటికి పంపేముందు ఏజెన్సీకి తెలియజేయాల్సి వచ్చేది. చాలామంది బిడ్డలు తల్లి పాలు మరిగేలోపే వేరుపడిపోయారు. హెచ్చరిక ఉంటుందన్న భయంతో గర్భిణులు పరీక్షలకే రావడం మానేసేవారు. మానిటోబాలో 2020 జూలై 1న ఈ పద్ధతికి స్వస్తి పలికారు. దాని స్థానంలో కావలసింది మనుషులు: కాన్పుకు ముందు నుంచే తల్లితో పరిచయం పెంచుకుని, కారు సీటు, ఉయ్యాల, డైపర్లు, ఇల్లు సిద్ధంగా ఉండేలా చూసే సహాయకులు, డూలాలు (కాన్పు సమయంలో తోడుండేవారు). మూలవాసి తల్లులకు మూలవాసి డూలాలే తోడుండే కార్యక్రమాలు విన్నిపెగ్‌లో ఉన్నాయి. విశాఖ గారూ, తల్లీబిడ్డల ఆరోగ్యంలో మీకున్న అనుభవానికి ఈ వైపు ఎక్కువ పని ఉంటుందని నా నమ్మకం. ఆసుపత్రి వైపు నుంచి మేము అలాంటి సహాయకుల కోసమే ఎదురుచూస్తుంటాము.

జోర్డన్స్ ప్రిన్సిపుల్ గురించి కూడా తెలుసుకుని ఉండండి. నార్వే హౌస్ క్రీ నేషన్‌కు చెందిన జోర్డన్ రివర్ ఆండర్సన్ తీవ్రమైన వైద్య అవసరాలతో 1999లో పుట్టాడు. వైద్యులు పంపవచ్చని చెప్పిన తరువాత కూడా, ఇంటి దగ్గర సంరక్షణ ఖర్చు సమాఖ్య ప్రభుత్వం భరించాలా, ప్రావిన్సు భరించాలా అన్న తగాదా తెగక, ఆసుపత్రిలోనే ఉండి 2005లో ఐదేళ్ళ వయసులో చనిపోయాడు. ఫస్ట్ నేషన్స్ బిడ్డకు ముందు సేవ అందాలి, ఖర్చు ఎవరిదన్నది తరువాత తేల్చుకోవాలి అన్నది ఆ సూత్రం. సిండీ బ్లాక్‌స్టాక్ నాయకత్వంలోని పిల్లల హక్కుల సంస్థ, అసెంబ్లీ ఆఫ్ ఫస్ట్ నేషన్స్ (ఫస్ట్ నేషన్స్ జాతీయ సంఘం) కలిసి వేసిన కేసులో కెనడా మానవ హక్కుల ట్రిబ్యునల్ 2016లో ఫస్ట్ నేషన్స్ పిల్లల సేవల విషయంలో ప్రభుత్వానిది వివక్షేనని తేల్చింది. రిజర్వు బయట, నగరంలో ఉన్న బిడ్డకూ ఈ సూత్రం వర్తిస్తుంది. స్పీచ్ థెరపీ, వినికిడి పరికరం, ఇలాంటి వాటికి దరఖాస్తు రాసిపెట్టగలిగిన సహాయకురాలు ఆ ఇంటికి నిజంగా కావలసిన మనిషి.

తుంగభద్ర (టొరంటో)

పసిపిల్లల విద్య చదివినవారికి కూడా ఈ రంగంలో దారి ఉంది. అబొరిజినల్ హెడ్‌స్టార్ట్ కార్యక్రమం 1995 నుంచి నగరాల్లోనూ ఉత్తరాది ఊళ్ళలోనూ నడుస్తోంది. బడికి వెళ్ళే వయసుకు ముందు పిల్లలకు తమ భాష, సంస్కృతి, పోషకాహారం, తల్లిదండ్రుల భాగస్వామ్యం అన్నీ కలిపి అందించడం దాని పద్ధతి. అక్కడ ఒక సెలవుల కాలం సహాయకురాలిగా పనిచేశాను. ఉదయం పిల్లలు గుండ్రంగా కూర్చున్నాక ఒక అమ్మమ్మ వచ్చి ఒజిబ్వే అనే మూలవాసి భాషలో ఆ రోజు వాతావరణం చెప్పించేవారు. తల్లుల్లో కొందరు గోడవారన నిలబడి, పిల్లలతో పాటు తామూ ఆ మాటలను మెల్లగా పలికేవారు. వాళ్ళ తల్లులకు బడిలో ఆ భాష మాట్లాడినందుకు శిక్షలు పడ్డాయి. ఆ గదిలో నా పని పళ్ళు కోసిపెట్టడం, కోట్లు తొడగడం, నోరు మూసుకుని వినడం. ఆ పనిని నేను ఎంతో ఇష్టంగా చేశాను.

టొరంటోలో ఉన్నవారికి మరొక సమాచారం. నేటివ్ చైల్డ్ అండ్ ఫ్యామిలీ సర్వీసెస్ ఆఫ్ టొరంటో 1986లో మొదలై, 2004లో శిశు సంరక్షణ అధికారం కూడా పొందింది. తోడుగా నిలిచే సేవలు, చట్టపరమైన అధికారం రెండూ ఒకే కప్పు కింద ఉన్న సంస్థ అది. రెండింటినీ దగ్గరగా చూడాలనుకునేవారికి మంచి చోటు.

విశాఖ_నుంచి

పల్నాటి కోడలు గారూ, మీ మాటలు చదివాక నేను వెళ్ళవలసిన వైపు నాకు స్పష్టమైంది. తుంగభద్ర గారూ, ఆ గది నా కళ్ళ ముందు కనిపించింది. ఇక కొన్ని చిన్న ప్రశ్నలు. నా డిగ్రీని మదింపు చేయించాలా? కారు తప్పనిసరా? పెద్దలను కలిసేటప్పుడు పాటించవలసిన పద్ధతులు ఏమిటి?

ఎర్రనదిగట్టు

డిగ్రీ: మానిటోబాలో 2015 నుంచి రిజిస్టర్ అయినవారు మాత్రమే సోషల్ వర్కర్ అన్న హోదా వాడుకోవాలి. విదేశీ డిగ్రీలను కెనడియన్ అసోసియేషన్ ఆఫ్ సోషల్ వర్కర్స్ మదింపు చేస్తుంది. సమయం పడుతుంది కనుక ఇప్పుడే మొదలుపెట్టండి. అయితే ఫ్యామిలీ సపోర్ట్ వర్కర్ ఉద్యోగాలకు చాలాచోట్ల రిజిస్ట్రేషన్ అడగరు. డిగ్రీ కన్నా అనుభవం, కుటుంబాలతో మాట్లాడే తీరు చూస్తారు.

పత్రాలు: వల్నరబుల్ సెక్టార్ చెక్ (పోలీసు నేరచరిత్ర పరిశీలన), చైల్డ్ అబ్యూజ్ రిజిస్ట్రీ చెక్ (పిల్లలపై వేధింపుల జాబితాలో పేరు లేదన్న పత్రం) రెండూ అడుగుతారు. ప్రథమ చికిత్స, సీపీఆర్, ఆత్మహత్యల నివారణకు అసిస్ట్ అనే రెండు రోజుల శిక్షణ, మత్తుమందు మోతాదు మించినప్పుడు ఇచ్చే నలాక్సోన్ మందు వాడకం తెలిసి ఉంటే మీ దరఖాస్తుకు బలం. క్లాస్ 5 (మామూలు కారు) లైసెన్సు, సొంత కారు దాదాపు తప్పనిసరి. జనవరిలో మైనస్ ముప్ఫైలో ఇద్దరు పసిపిల్లలతో బస్సుస్టాపులో నిలబడే తల్లి కోసం ఈ ఉద్యోగమే ఉన్నప్పుడు కారు ఎందుకని అడగనక్కరలేదు.

పెద్దల విషయం మన్యంబిడ్డ గారు నా కన్నా బాగా చెప్పగలరు.

మన్యంబిడ్డ

నేను చూసినంతవరకు చెబుతాను. ఒక ఎల్డర్‌ను (సముదాయం గౌరవించే పెద్దను) సలహా గానీ ప్రార్థన గానీ అడిగేముందు పొగాకు సమర్పించడం ఈ ప్రేరీ ప్రాంతంలో చాలా సముదాయాల సంప్రదాయం. ఎలా ఇవ్వాలో సంస్థలోని సహోద్యోగిని అడిగితే సంతోషంగా చూపిస్తారు. సమావేశాల ముందు సేజ్, స్వీట్‌గ్రాస్ అనే పవిత్ర మూలికలు వెలిగించి ఆ పొగను ఒంటికి అద్దుకునే స్మడ్జింగ్ ఉంటుంది, రమ్మంటే రండి, ఇష్టం లేకపోతే పక్కన గౌరవంగా నిలబడినా చాలు. కుటుంబాలన్నీ దీన్ని పాటిస్తాయని మాత్రం అనుకోవద్దు. చర్చికి వెళ్ళే మూలవాసి కుటుంబాలు ఎన్నో ఉన్నాయి, ఇన్యూట్ సంప్రదాయం వేరు, మెటీ సంప్రదాయం వేరు. ‘మీ ఇంట్లో ఎలా?’ అని అడగడమే మర్యాద. ఎల్డర్ మాట్లాడుతున్నప్పుడు మధ్యలో నోటుపుస్తకం తీయవద్దు. వారు కథ చెబితే అది మీ ప్రశ్నకు జవాబే. కొన్నిసార్లు ఆ జవాబు ఇంటికి వెళ్ళాక అందుతుంది.

కాకతీయ

ఒక సందేహం. ఇంత బరువైన పని చేసేవారు తమ మనసును ఎలా కాపాడుకుంటారు? మా చెల్లెలు రెండవ సంవత్సరంలోనే నిద్రపట్టక సెలవు పెట్టింది. తన పైఅధికారి కేసుల సంఖ్య తగ్గించమంటే తగ్గించలేదు.

ఎర్రనదిగట్టు

మీ చెల్లెలికి జరిగినది ఆమె బలహీనత కాదండీ. ఈ ఉద్యోగంలో చేరేముందు ఇంటర్వ్యూలో మనం అడగవలసిన ప్రశ్నలు రెండున్నాయి: ఒక ఉద్యోగికి ఎన్ని కుటుంబాలు? పైఅధికారితో విడిగా కూర్చునే సమయం నెలకు ఎంత? ఈ రెండింటికీ సూటిగా జవాబు చెప్పని చోట చేరవద్దని నేను అందరికీ చెబుతాను. మంచి సంస్థల్లో ఉద్యోగుల కోసం కూడా ఎల్డర్ ఉంటారు, కష్టమైన కేసు తరువాత టాకింగ్ సర్కిల్ (గుండ్రంగా కూర్చుని ఒకరి తరువాత ఒకరు మనసులో మాట చెప్పుకోవడం) ఉంటుంది. మనం ఒక్కొక్కరమే మోస్తామనుకోవడం వల్లే కుంగిపోతాము.

విశాఖ_నుంచి

చివరిగా ఒక్క ప్రశ్న. ఒక మాండేటెడ్ ఏజెన్సీలో జీతం ఎక్కువగా ఉన్న ఉద్యోగం, ఒక సామాజిక కేంద్రంలో ప్రసూతి సహాయక కార్యక్రమంలో ఏడాది కాంట్రాక్టు, రెండూ ప్రకటించారు. కొత్తవారికి ఏది మంచిది?

ఎర్రనదిగట్టు

నా అభిప్రాయం అడిగారు కనుక సూటిగా చెబుతాను: కాంట్రాక్టు ఉద్యోగానికి దరఖాస్తు చేయండి. ఏజెన్సీల్లో మంచి మనుషులు ఉన్నారు, వారు లేకపోతే ప్రమాదంలో ఉన్న బిడ్డలకు దిక్కు ఉండదు. కానీ ఈ దేశానికి కొత్తగా వచ్చినవారు, ఈ కుటుంబాల జీవితం ఇంకా తెలియనివారు, మొదటి అడుగే బిడ్డను తీసుకుపోయే అధికారంతో వేయకూడదు. ముందు ఒక తల్లి ఇంట్లో కూర్చుని ఆమె పెట్టిన టీ తాగి, బానక్ రొట్టె తిని, ఆమె ఏ విషయానికి భయపడుతుందో, దేనికి నవ్వుతుందో చూడాలి. ఆ తరువాత ఏజెన్సీకి వెళ్ళినా మీ చేతిలో ఫైలు వేరుగా ఉంటుంది.

ఆర్థికంగా కుదరకపోతే వృద్ధాశ్రమంలో వారాంతపు షిఫ్టులు ఉంచుకోండి, ఇక్కడ చాలామంది అలాగే చేస్తారు. దరఖాస్తు లేఖలో మీ ఎం.ఎస్.డబ్ల్యు. గురించి ఒక్క వాక్యం చాలు. పాడేరులో బాలింతల ఇళ్ళకు నడిచి వెళ్ళిన పని గురించి, అక్కడ మీకు పని నేర్పిన ఆదివాసీ ఆరోగ్య కార్యకర్తల గురించి ఎక్కువ రాయండి. ప్రకటన గడువు ఎప్పుడో చెబితే, లేఖ పంపేముందు ఒకసారి చదివి పెడతాను.

విశాఖ_నుంచి

గడువు వచ్చే శుక్రవారం. రేపు రాత్రికి లేఖ రాసి మీకు వ్యక్తిగత సందేశంలో పంపిస్తాను. పల్నాటి కోడలు గారూ, మీ విభాగానికి వచ్చే సహాయకులు ఏ ఏ పత్రాలు వెంట తెచ్చుకుంటే మీకు సులువుగా ఉంటుందో కూడా వీలైతే రాయండి.

పల్నాటి_కోడలు

సంస్థ గుర్తింపు కార్డు, తల్లి సంతకం చేసిన సమ్మతి పత్రం. సమ్మతి పత్రంలో ఏ సమాచారం పంచుకోవచ్చో, ఏది పంచుకోకూడదో తల్లి స్వయంగా చెప్పి రాయించినదై ఉండాలి. ఆ కాగితం లేకుండా వస్తే ఎంత మంచివారైనా మేము గదిలోకి పంపలేము. కారు సీటు ముందే తెచ్చిపెడితే ఇంటికి పంపే రోజు ఆలస్యం కాదు.